అమెరికా ముడిచమురుకు గేటు తెరిచిన బిల్లు

ముడిచమురును బయటి దేశాలకు అమ్మకుండా అమెరికా 1975లో చట్టంతో పెట్టిన ఎగుమతి నిషేధం గురించి మాట్లాడేటప్పుడు ముందు చూడాల్సింది చమురు రకం. టెక్సాస్ షేల్ (చమురు దాగిన గట్టి పలకరాయి) బావుల్లో వచ్చేది చాలావరకు పలుచటిది, గంధకం తక్కువ, ఏపీఐ గ్రావిటీ (చమురు ఎంత పలుచనో చెప్పే కొలత, అంకె పెరిగేకొద్దీ పలుచన) 40కి అటూ ఇటూ. అమెరికా దక్షిణాన మెక్సికో గల్ఫ్ తీరంలోని రిఫైనరీలేమో వెనెజువెలా, మెక్సికోల చిక్కటి చమురు కోసం కోట్లు పోసి కోకర్లు (అడుగున మిగిలే చిక్కటి మడ్డిని ఇంధనంగా మార్చే యూనిట్లు) కట్టుకున్నాయి. వాటిలో పలుచటి చమురు ఎక్కువ పోస్తే చమురును మరిగించి విడదీసే డిస్టిలేషన్ టవర్ పైభాగం నాఫ్తా (పెట్రోలులాంటి తేలిక ద్రవం), గ్యాసులతో నిండిపోతుంది, కింద కోకర్‌కి సరుకు చాలదు. అందుకే ఆ రిఫైనరీలు పలుచటి చమురును ధర తగ్గిస్తేనే కొనేవి.

1975 చట్టం ఆపింది ముడిచమురునే. పెట్రోలు, డీజిలు పంపడానికి అడ్డులేదు. తమ చమురు ఇంట్లోనే తగ్గించి అమ్ముకోవాలి, రిఫైనరీలు మాత్రం సరుకు బయటికి పంపుకోవచ్చు: బావులవాళ్ల కడుపుమంట అక్కడే, న్యాయమైనదే అంటాను.

2015 డిసెంబర్ 18న ఒబామా సంతకం చేసిన ప్రభుత్వ ఖర్చుల బిల్లులో నిషేధం పోయింది, పవన, సౌర విద్యుత్ పన్ను రాయితీల పొడిగింపుతో బేరం కుదిరాక. కానీ జాతీయ అత్యవసర పరిస్థితి ప్రకటిస్తే అధ్యక్షుడు ఏడాదిదాకా మళ్లీ ఆంక్షలు పెట్టొచ్చు. బిల్లులోని ఈ వాక్యాన్ని చాలామంది చదవరు!

చట్టం మారినా అమెరికా రేవుల లోతు మారలేదు. 20 లక్షల బారెళ్లు పట్టే పెద్ద ట్యాంకర్‌ను చాలా రేవుల్లో పూర్తిగా నింపలేరు; చిన్న ఓడలతో తెచ్చి నడిసముద్రంలో నింపాలి, ఆ ఖర్చు బారెల్ ధరమీదే పడుతుంది. అయినా 2017 అక్టోబర్‌లో ఇండియన్ ఆయిల్ కొన్న తొలి అమెరికా ముడిచమురు సరుకు పారాదీప్ చేరింది.