ముంజేతుల వాకర్‌తో గుంటూరు బ్రాడీపేటలో నడక: దీపావళి నుంచి ఇప్పటిదాకా

నా నడుము సంగతి ముందు చెప్పేస్తాను, ఎందుకంటే వాకర్ ఎత్తు ఎంత పెట్టుకోవాలన్నది దాన్ని బట్టే తేలింది. ఎల్4, ఎల్5 పూసల దగ్గర నరాలు వెళ్లే దారి ఇరుకైంది, ఎమ్మారై రిపోర్టులో లంబార్ కెనాల్ స్టెనోసిస్ అని రాశారు. వయసు పెరిగేకొద్దీ డిస్కు ఉబ్బడం, లోపలి లిగమెంటు మందమెక్కడం, కీళ్ల దగ్గర ఎముక పెరగడం, ఇవన్నీ కలిసి ఆ దారిని మూసుకొస్తాయి. నిటారుగా నిలబడినా నడిచినా ఆ ఇరుకు ఇంకాస్త పెరుగుతుంది, పిరుదుల నుంచి పిక్కల దాకా బరువు, లాగుడు, తిమ్మిరి. కూర్చున్నా, ముందుకు వంగినా దారి కొంచెం తెరుచుకుని కొద్ది నిమిషాల్లోనే కాళ్లు తేలికవుతాయి. సూపర్ మార్కెట్‌లో ట్రాలీ మీద వాలి తోసుకుంటూ బాగానే తిరిగి, అదే దూరం చేతులూపుకుంటూ నడవలేకపోతున్నారంటే డాక్టర్లు దీన్నే అనుమానిస్తారు. నాకు అచ్చంగా అలాగే ఉండేది. కూరగాయల బండి దాకా వెళ్లి, అక్కడ బండి అంచు పట్టుకుని వంగి నిలబడేదాన్ని, వంకాయలు ఏరుతున్నట్టే ఉండేది చూసేవాళ్లకి.

మొదట వాడింది మామూలు మడత వాకర్, ఎత్తి ముందు పెట్టి అడుగు వేసేది. దానికి ఒక పద్ధతి ఉంది. చేతులు వేలాడేసి నిలబడితే పిడి మణికట్టు గీత దగ్గరికి రావాలి, మోచేయి కొద్దిగా వంగాలి. అలా పెట్టుకున్నా నా బరువంతా మణికట్ల మీదే పడేది, తల కిందికి దిగిపోయేది, సాయంత్రానికి మెడ పట్టేసేది. ప్రతి అడుక్కీ ఎత్తి పెట్టడం వల్ల నడకలో వరస కూడా ఉండదు. అప్పుడు ఫిజియోథెరపిస్టు అబ్బాయి చెప్పాడు, "అమ్మా, మీకు చేతులు కాదు, ముంజేతులు ఆనించుకునేది కావాలి" అని.

అదే ఈ నిటారు వాకర్. నాలుగు చక్రాలు, కూర్చోవడానికి సీటు, సైకిలుకున్నట్టు చేతి బ్రేకులు, పైన ముంజేతులు ఆనించడానికి రెండు మెత్తలు, వాటి చివర నిలువుగా పట్టుకునే పిడులు. బరువు మణికట్ల మీద కాకుండా మోచేయి నుంచి ముంజేయి అంతా పంచుకుంటుంది, అందుకే వీపు వంచకుండా ఎదురుగా చూస్తూ నడవచ్చు. చక్రాలూ సీటూ ఉన్న ఈ రోలేటర్ అనే రకాన్ని 1978లో స్వీడన్‌లో ఐనా విఫాల్క్ అనే ఆవిడ తయారుచేసింది, పోలియో వచ్చి ఆవిడకీ నడక ఇబ్బంది ఉండేది. నడవలేని బాధ పడ్డ మనిషే ఆలోచించి చేసింది కాబట్టే అందులో సీటు ఉందని నాకు గట్టి నమ్మకం. నడక కష్టమైనవాళ్లకి కావలసింది చక్రాలకన్నా ముందు, కూర్చోవడానికి చోటు.

ఇప్పుడు ఎత్తు గురించి. ఈ మొత్తంలో ఒక్కటే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. వాకర్ తెచ్చిన మనిషి నా ఎత్తు అడిగి, కొలతల పట్టీలో చూసి బిగించి వెళ్లాడు. దాని ప్రకారం అన్నీ సరిగ్గానే ఉన్నాయి: భుజాలు వదులుగా, మోచేయి తొంభై డిగ్రీలు, మెత్తలు మోచేతుల కిందకే. అద్దంలో చూసుకుంటే వెన్ను నిటారుగా భలే ఉంది. కానీ వరండా ఆ చివర నుంచి ఈ చివరికి వచ్చేసరికే పిక్కలు బిగుసుకున్నాయి. కారణం పైన చెప్పిందే, నాలాంటి నడుముకి పూర్తి నిటారు పనికిరాదు, అది నరాల దారిని నొక్కేస్తుంది. ఫిజియో అబ్బాయి మెత్తల్ని రెండువైపులా ఒక్కో రంధ్రం కిందికి దించి నడిపించాడు, ఆపైన ఇంకొకటి దించాడు. అప్పుడు తుంటి దగ్గర నుంచి కొద్దిపాటి వాలు వచ్చింది, వీపు గూని పోలేదు, చూపు ముందుకే ఉంది, కాళ్లలో బరువు ఆలస్యంగా వచ్చింది. ఇంకా దించి చూస్తే మళ్లీ భుజాలు ముందుకు పడి మెడ లాగింది, దాంతో పాత చోటికే ఎక్కించాం. ఆ రంధ్రం దగ్గర ఎర్ర నెయిల్ పాలిష్‌తో గుర్తు పెట్టుకున్నాను, ఎవరైనా మడిచి తీసినా మళ్లీ వెతుక్కోనక్కర్లేదు.

ఎత్తు చూసుకునేటప్పుడు రోజూ వేసుకునే చెప్పులతోనే చూసుకోవాలి. వెనక పట్టీ ఉన్నవి తప్ప వేసుకోవద్దు, హవాయి చెప్పు జారి చక్రం కిందకి పోతుంది. మెత్తలు మరీ పైకి ఉంటే భుజాలు చెవుల దగ్గరికి లేస్తాయి, అలా కొంచెంసేపు నడిచినా మెడ నరాలు పట్టేస్తాయి. స్టెనోసిస్ కాకుండా వేరే కారణంతో నడుంనొప్పి ఉన్నవాళ్లకి పూర్తి నిటారే హాయిగా ఉండొచ్చు. అందుకే పక్కింటివాళ్ల కొలత మనకి పెట్టుకోకూడదు, మనల్ని నడిపిస్తూ పక్కన నిలబడి చూసే మనిషి కావాలి.

కార్తీకమాసం అంతా వరండాలోనే. ఒక నోట్‌బుక్ పెట్టుకుని మూడే సంగతులు రాసుకున్నాను: ఎంతవరకు నడిచాను, కాలు బరువెక్కడం ఎక్కడ మొదలైంది, కూర్చున్నాక ఎంతసేపటికి తగ్గింది. మూడోది చాలా అక్కరకొచ్చింది. దూరం పెరగని వారాల్లో కూడా తగ్గే సమయం తగ్గుతూ వచ్చింది, అది చూసుకునే ఓపిక పట్టాను. ఇంకొక నియమం కూడా అప్పుడే పెట్టుకున్నాను, బరువు మొదలయ్యే చోటు తెలుసు కాబట్టి దానికి కొంచెం ముందే ఆగి సీటు మీద కూర్చోవడం. నొప్పి వచ్చాక ఆగితే లేవడానికి భయం వేస్తుంది, రాకముందే ఆగితే మళ్లీ లేచి ఇంకొక విడత నడవబుద్ధవుతుంది. రోజు మొత్తం మీద నడక ఎక్కువయింది ఇలాగే.

కూర్చునే పద్ధతి కూడా నేర్చుకోవాల్సిందే. ముందు రెండు బ్రేకులూ కిందికి నొక్కి లాక్ చేయాలి, ఒక్కటి చేస్తే వాకర్ తిరిగిపోతుంది. తర్వాత సీటుకి వీపు పెట్టి నిలబడి, వెనక్కి నడిచి, సీటు అంచు మోకాళ్ల వెనక తగిలాకే కూర్చోవాలి. మా ఆయన మొదట్లో నన్ను సీటు మీద కూర్చోబెట్టి తోసుకుపోదామని చూశారు, అది వీల్‌చెయిర్ కాదు, అలా తోస్తే తిరగబడుతుంది. పిడులకి కూరల సంచి తగిలించడం కూడా వద్దు. ఈ వాకర్ మామూలుదాని కన్నా ఎత్తు, పైన బరువు పడితే ఒరిగిపోతుంది. సంచి సీటు కింద బుట్టలోనే.

ఇల్లు దాటడానికి గేటు దగ్గర పెద్ద అడ్డం వచ్చింది. మా వీధిలో అందరి ఇళ్లలాగే మాకూ మురుగుకాల్వ మీద చప్టా, దాని మీంచి రోడ్డుకి స్కూటర్ దిగడానికి కట్టిన నిట్రమైన వాలు. స్కూటర్‌కి సరిపోయేది వాకర్‌కి సరిపోదు, దిగేటప్పుడు వాకర్ మనకన్నా ముందు పరిగెత్తుతుంది. వాలు లెక్క తేలికే, ఒక అంగుళం ఎత్తుకి ఒక అడుగు పొడవు. అరడుగు ఎత్తుంటే ఆరడుగుల వాలు కావాలి. రోడ్డు మీదకి అంత పొడవు తీసుకురాలేం కాబట్టి మేస్త్రీని పిలిచి గేటు లోపలివైపే చప్టా పక్కకి పొడిగించి, పక్కవాటంగా దిగేలా కట్టించాం. సిమెంటు ఆరకముందు చీపురుతో అడ్డగీతలు గీయించాను, వానలో జారదు. మా ఇంటి పనుల్లో ఈ మధ్యకాలంలో ఇంత సంతోషం ఇచ్చింది ఇంకొకటి లేదు. మేడ మీదకి సామాను ఎక్కించే మనుషులు కూడా ఇప్పుడు అటే వస్తున్నారు.

ధనుర్మాసంలో వీధిలోకి వచ్చాను. బ్రాడీపేట తెలిసినవాళ్లకి తెలుసు, ఇటు లైన్లు, అటు అడ్డరోడ్లు, గళ్ల నోటుబుక్కులాగా ఉంటుంది పేట. నడక కొలవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు, రెండు అడ్డరోడ్ల మధ్య దూరమే నా కొలబద్ద. కాకపోతే తెల్లవారుజామున ప్రతి గేటు ముందూ కల్లాపి తడి, దాని మీద ముగ్గు. తడి గచ్చు మీద చక్రం జారదు కానీ కాలు జారుతుంది, కాబట్టి రోడ్డు మధ్యకి జరిగి నడవాలి. ముగ్గు మీదగా చక్రం పోనివ్వడం నాకు మనస్కరించలేదు, పెద్ద ముగ్గులు వేసినచోట చుట్టూ తిరిగి వెళ్లేదాన్ని. ఆ వంకర తిరుగుళ్లు మంచి అభ్యాసమయ్యాయి, ఈ వాకర్‌ని ఒక్కసారిగా మలపకూడదు, చిన్న చిన్న అడుగులతో చుట్టూ తిప్పాలి అని అక్కడే ఒంటికి పట్టింది. ఎదురింటి అమ్మాయి చూసి, "పిన్నిగారూ, రేపట్నుంచి మీకు దారి వదిలి వేస్తాన్లెండి" అంది, అన్నట్టే సంక్రాంతి దాకా ఒక పక్కన వాకర్ పట్టేంత జాగా వదిలి వేసింది.

రోడ్డు మీదకి రాగానే చక్రాల సంగతి తెలుస్తుంది. కొనేవాళ్లకి నా మాట, ముందు చక్రాలు ఎనిమిది అంగుళాలకి తగ్గితే మన రోడ్లకి వద్దు. చిన్న చక్రం ప్రతి గుంటలోనూ ఇరుక్కుంటుంది, గట్టి ప్లాస్టిక్ చక్రమైతే ఆ అదురంతా ముంజేతుల నుంచి నడుములోకి వస్తుంది. స్పీడ్ బ్రేకర్‌ని ఏటవాలుగా ఎక్కితే వాకర్ పక్కకి ఒరుగుతుంది, దాన్ని నేరుగా, నింపాదిగా ఎక్కాలి. ముందు చక్రాల ఇరుసులకి దారాలు, వెంట్రుకలు చుట్టుకుంటాయి, గుడి దగ్గర తిరిగితే పూలదండల దారాలు మరీనూ. వారానికోసారి పాత టూత్‌బ్రష్, చిన్న కత్తెర పట్టుకుని శుభ్రం చేస్తాను. బ్రేకు వదులైతే కంపెనీవాళ్ల కోసం చూడక్కర్లేదు, ఆ వైరు సైకిలు బ్రేకు వైరులాంటిదే. అరండల్‌పేటలో ఒక సైకిలు షాపాయన నట్టు తిప్పి వైరు బిగించి, చుక్క నూనె వేసి, "మేడమ్, రెండు బ్రేకులూ ఒకేలా పట్టాలి, ఒకటి ముందు పడితే మీరు పక్కకి తిరుగుతారు" అని ఎంతో శ్రద్ధగా చెప్పారు. అప్పట్నుంచి రోజూ ఇంట్లోనే లాక్ వేసి తోసి చూసుకుంటాను, కదిలితే ఆ రోజు బయటికి పోను.

మాఘమాసం నుంచి ఆదివారాలు బృందావన్ గార్డెన్స్‌లో ఎన్టీఆర్ స్టేడియంకి. వాకర్ మడిస్తే ఆటోలో సీటు వెనక నిలువుగా పడుతుంది, కానీ మెత్తలు విప్పి చేతిలో పెట్టుకోవాలి. అక్కడ ట్రాక్ చదును, వాహనాలు లేవు, వేగంగా నడిచేవాళ్లకి అడ్డం రాకుండా ఒక పక్కగా పోతే చాలు. మొదటిసారి సీటు మీద కూర్చోకుండా ఇంటి దగ్గర రెండు అడ్డరోడ్లంత దూరం నడిచింది అక్కడే. వెనక వస్తున్న మా ఆయన ఏమీ అనలేదు, ఇంటికొచ్చాక నోట్‌బుక్‌లో ఆయనే రాశారు.

నడకతో పాటు చేసేవి: వెల్లకిలా పడుకుని మోకాళ్లు గుండెల దగ్గరికి లాక్కోవడం, నడుముని నేలకి నొక్కి పట్టడం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం. మూడోదే నాకు ఎక్కువ బలం ఇచ్చింది. ఇంట్లో కదలని సైకిలు ఉన్నవాళ్లు అదీ తొక్కొచ్చు, ముందుకు వాలి తొక్కుతాం కాబట్టి ఈ జబ్బుకి నడక కన్నా తేలిగ్గా ఉంటుంది. ఇవి డాక్టర్ని, ఫిజియోని అడిగి మొదలుపెట్టండి, ఎముకలు పెళుసుబారినవాళ్లకి కొన్ని పడవు.

నొప్పి పోలేదు. నడుములో ఇరుకు వాకర్‌తో తెరుచుకోదు, పొద్దున లేవగానే ఉండే బిగుసుదనం అలాగే ఉంది. మారింది ఏమిటంటే, ఆ నొప్పి ఎప్పుడు వస్తుందో, వస్తే ఎక్కడ కూర్చోవాలో నా చేతిలో ఉంది. బయటికి వెళ్లాలంటే ముందు పట్టుకునే టెన్షన్ పోయింది. ఆపరేషన్ మాట డాక్టరు పక్కన పెట్టారు గానీ కొట్టెయ్యలేదు, దానికీ నేను సిద్ధంగానే ఉన్నాను. ఒక్క జాగ్రత్త మాత్రం ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాను: మూత్రం, విరేచనం మీద పట్టు తప్పినా, తొడల మధ్య కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా, పాదం ఒక్కసారిగా లేవకపోయినా తెల్లారేదాకా ఆగకూడదు, అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

గుంటూరు ఎండలు మొదలయ్యాక వేళ మార్చాను, వెలుగు రాగానే బయల్దేరి ఎండ గేటు మీద పడేలోపు ఇంట్లో ఉంటున్నాను. మెత్తల రెక్సిన్‌కి చెమట పట్టి ముంజేతులు ఒరుసుకుపోయి ఎర్రగా పొక్కాయి, పాత నూలు తువ్వాలు కత్తిరించి రెండు తొడుగులు కుట్టుకున్నాను, రోజూ ఉతికి మార్చుకోవచ్చు. పిడుల రబ్బరు జిగటగా అవుతోంది, దానికి సైకిలు షాపులో గుడ్డ టేపు చుట్టిస్తాను. వానలు పడే లోపు శంకర్‌విలాస్ సెంటర్ వైపు ఒకసారి వెళ్లి రావాలని ఉంది. ఆ దారిలో ఎక్కడెక్కడ నీడ ఉందో, ఎక్కడ గోడ పక్కన వాకర్ ఆపుకుని కూర్చోవచ్చో మా ఆయన స్కూటర్ మీద చూసి వచ్చి నోట్‌బుక్ వెనక అట్ట మీద గీసిపెట్టారు.