అమ్మ కనబడకపోతే పాప ఎందుకేడుస్తుంది

ఐదారు నెలల పాప గిలక్కాయ కోసం చెయ్యి చాపుతుండగా దాని మీద తువ్వాలు కప్పేసి చూడండి. చాలామంది పిల్లలు వెతకరు, చెయ్యి వెనక్కి తీసుకుని ఇంకో వైపు చూస్తారు. స్విట్జర్లాండ్‌కి చెందిన మనస్తత్వవేత్త జీన్ పియాజే తన ముగ్గురు పిల్లలతో ఇలాంటి ఆటలాడి, చూసిందంతా రాసుకుని 1937లో పుస్తకం వేశారు. సుమారు ఎనిమిది నెలల దాకా కంటికి కనబడని వస్తువు పసివాళ్ళకి లేనట్టే అన్నది ఆయన మాట.

నాకు అది పూర్తిగా ఒప్పుకోబుద్ధి కాదు. 1985లో రెనే బయార్జాన్, ఎలిజబెత్ స్పెల్కీ అనే మనస్తత్వ పరిశోధకుల బృందం ఐదు నెలల పిల్లల ముందు ఒక పెట్టె పెట్టి, దాన్ని కప్పేస్తూ ఒక అట్ట పైకి లేచి వెనక్కి వాలేలా చేశారు. ఆ అట్ట పెట్టెకి తగిలి ఆగకుండా పూర్తిగా నేలకి వాలిపోయినప్పుడు పిల్లలు వింతగా తోచినట్టు ఎక్కువసేపు చూశారు, అంటే పెట్టె అక్కడే ఉండాలని వాళ్ళకి తోచిందన్నమాట. అంతసేపు చూడడానికి వేరే కారణాలుండొచ్చని వాదించినవాళ్ళూ ఉన్నారు గానీ, నేను మాత్రం పిల్లల వైపే.

ఎనిమిది నెలలు దాటాక గుడ్డ తీసి వెతకడం వస్తుంది. కానీ ఒక గుడ్డ కింద రెండు మూడుసార్లు దాచి, తర్వాత వాళ్ళు చూస్తుండగానే పక్క గుడ్డ కింద దాస్తే మళ్ళీ మొదటి గుడ్డే లాగుతారు! వెంటనే తియ్యనిస్తే సరిగ్గానే తీస్తారు, కొన్ని సెకన్లు ఆపితేనే తప్పుతారని అడెల్ డైమండ్ అనే పరిశోధకురాలు గమనించారు; ఒక్కోసారి కళ్ళు సరైన చోటే చూస్తుంటే చెయ్యి మాత్రం పాత చోటికి పోతుందట. అలవాటైన కదలికని ఆపే మెదడు ముందు భాగం ఇంకా ఎదగాలి.

అమ్మ గది దాటితే ఏడుపు మొదలయ్యేదీ ఈ నెలల్లోనే. అమ్మకూచి అనీ, ఎత్తుకుని ఎత్తుకుని అలవాటు చేశారనీ ఇంట్లో అంటుంటారు, అది వింటే నాకు చాలా బాధేస్తుంది. అమ్మ ఎక్కడో ఉందని తెలిసింది కాబట్టే ఆ ఏడుపు. ఎక్కడుందో ఊహించడం ఇంకా రాదు: గుప్పిట్లో గోలీ పెట్టుకుని, ఆ గుప్పిటని దిండు కిందకి పోనిచ్చి, గోలీ అక్కడ వదిలేసి ఖాళీ చెయ్యి చూపిస్తే, దిండు కింద వెతకాలని తట్టడానికి ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు పడుతుంది. అందుకే అమ్మమ్మ కాకిని చూపిస్తుంటే వెనక తలుపు గుండా జారుకోవద్దు, ఏడ్చినా సరే టాటా చెప్పే వెళ్ళండి.