తిథి చూసుకుని టెంటు: వైజాగ్–భీమిలి తీరంలో రెండు రోజులు

వైజాగ్ నుంచి భీమిలి దాకా బీచ్ రోడ్డుకి ఒక పక్క కొండలు, ఒక పక్క సముద్రం. పాతిక ముప్పై కిలోమీటర్లలోనే రుషికొండ, తొట్లకొండ, మంగమారిపేట రాళ్లు, ఎర్రమట్టి దిబ్బలు, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, భీమిలి పాత ఊరు వరసగా వచ్చేస్తాయి. పిల్లాపాపలతో టెంటులో రెండు రాత్రులుండి, పగలంతా తిరగాలనుకునే వాళ్లకి మన తీరంలో దీన్ని మించిన చోటు లేదని నా గట్టి అభిప్రాయం. కారు లేకపోయినా ఇబ్బంది లేదు. రైల్వే స్టేషన్ నుంచి రుషికొండ మీదుగా భీమిలి వెళ్లే 900కె బస్సు ఉంది.

బయల్దేరే ముందు అందరూ శని ఆదివారాలు చూసుకుంటారు. తిథి కూడా చూసుకోవాలి.

పౌర్ణమి, అమావాస్య వెళ్లిన ఒకటి రెండు రోజులకు పోటు బాగా పైకొస్తుంది, ఆటు బాగా దిగిపోతుంది. విశాఖ దగ్గర ఆ రోజుల్లో ఈ రెంటికీ తేడా ఒకటిన్నర మీటరుకు కాస్త తక్కువ. అష్టమి, నవమి వైపు వెళ్లేసరికి అర మీటరుకు అటూ ఇటూగా తగ్గిపోతుంది. మంగమారిపేట రాళ్ల మధ్య గుంటల్లో సముద్ర జీవాల్ని చూడాలంటే ఆటు బాగా దిగే రోజులే కావాలి. అష్టమినాడు వెళితే తడిసిన రాళ్లు తప్ప ఏమీ కనబడవు. అదే పౌర్ణమి పోటు రాత్రిపూట టెంటు కిందికీ రాగలదు. కాబట్టి తిరగడానికి మంచిరోజు ఏదో చూసుకున్నాక, ఆ రాత్రి టెంటు ఎంత వెనక్కి వెయ్యాలో కూడా దాన్నిబట్టే తేల్చుకోవాలి.

పోటు నుంచి ఆటుకి ఆరు గంటల పైచిలుకు పడుతుంది. రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. మర్నాటికి ఆ వేళలు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. శనివారం మధ్యాహ్నం రెండింటికి ఆటు అయితే ఆదివారం మూడు కావస్తుంది. కచ్చితమైన వేళలు పోటు పట్టికలో దొరుకుతాయి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వెబ్‌సైట్‌లో అలల ఎత్తు అంచనాలు, హెచ్చరికలు కూడా ఉంటాయి. వాటిని బయల్దేరే రోజు పొద్దున మళ్లీ ఒకసారి చూడాలి. ఎక్కడో హిందూ మహాసముద్రం దక్షిణాన లేచిన తుఫాను వల్ల కూడా ఇక్కడికి పెద్ద పెద్ద అలలు వస్తాయి. మన నెత్తిన ఆకాశం మాత్రం నిర్మలంగానే ఉంటుంది. ఎండ కాస్తోంది కదా అని ధీమా పడకూడదు.

కాలం విషయానికొస్తే డిసెంబరు రెండో వారం నుంచి ఫిబ్రవరి చివరి దాకా బాగుంటుంది. అక్టోబరు, నవంబరు తుఫాన్ల నెలలు. హుద్‌హుద్ వైజాగ్ మీద పడింది 2014 అక్టోబరు 12న. మార్చి దాటాక టెంటులో పొద్దున ఎనిమిది తర్వాత ఉండలేం.

ఖాళీ బీచ్‌లో ఎక్కడ పడితే అక్కడ రాత్రి ఉండనివ్వరు. పోలీసులు వచ్చి లేపేస్తారు, లేపడమే మంచిది కూడా. డబ్బు తీసుకుని టెంటుకి చోటిచ్చే తోటలు, రిసార్టులు ఈ రోడ్డు మీద ఉన్నాయి. మరుగుదొడ్డి, మంచినీటి కుళాయి, రాత్రి కాపలా మనిషి, ఈ మూడూ ఉన్నాయో లేదో ఫోన్లోనే అడగండి. జాలరిపేట పక్కన ఉండాలనుకుంటే ముందు ఊరి పెద్దల్ని అడగాలి. పడవలు పైకి లాగే దారిలో, వలలు ఆరబెట్టే చోట టెంటు వేస్తే తెల్లవారుజామున వాళ్ల పనికి అడ్డం.

టెంటు ఎంత దూరంలో వెయ్యాలో ఇసుకే చెబుతుంది. ఎండిన నాచు, పుల్లలు, చెత్త ఒక గీతలాగా పేరుకుని ఉంటాయి. చివరి పోటు అక్కడిదాకా వచ్చిందన్నమాట. ఒకటికంటే ఎక్కువ గీతలుంటే అన్నింటికంటే పైదాన్ని లెక్కలోకి తీసుకోవాలి. దానికి ఇవతల రావణాసురుడి మీసాలు అనే ఇసుక గడ్డి, మేకడెక్కలాంటి ఆకులతో ఊదారంగు పూల తీగ మొదలవుతాయి. ఆ తీగ నిలకడగా పెరిగిందంటే అక్కడికి అలలు మామూలుగా రావు. ఆ తీగలు దాటి, వాటిని తొక్కకుండా, కనీసం ఇరవై ముప్పై మీటర్లు వెనక్కి వెళ్లి వేసుకోండి. ఇసుకని పట్టి ఉంచేవి ఆ తీగలే. కొబ్బరిచెట్టు కింద మాత్రం వద్దు, కాయ పడినా మట్ట పడినా ప్రమాదమే. సరుగుడు తోట మేలు. పైన ఎండుకొమ్మలు వేలాడుతున్నాయేమో తలెత్తి చూసుకోండి.

టెంటుతో పాటు ఇచ్చే సన్న మేకులు ఇసుకలో నిలవవు. సముద్రపు గాలి లేచిన అరగంటలో ఊడొస్తాయి. ఐదు కిలోల ఖాళీ బియ్యం సంచులు ఆరు తెచ్చుకోండి. నాలుగు మూలలకి నాలుగు, ముందూ వెనకా తాళ్లకి రెండు. ప్రతి సంచిలో ఇసుక నింపి, మూతి బిగించి, నడుముకి తాడు కట్టాలి. మోకాలి లోతు గొయ్యి తీసి అందులో పెట్టి, పైన తడి ఇసుక పోసి గట్టిగా తొక్కాలి. తాడు నేలకి ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీల్లో రావాలి. నిటారుగా లాగితే సంచి మెల్లగా పైకి తేలుతుంది. సంచులు లేకపోతే మూరెడు కర్రముక్కని అడ్డంగా పాతినా పనిచేస్తుంది.

చలికాలంలో ఇక్కడ గాలి రోజుకి రెండు వైపుల నుంచి వీస్తుంది. మధ్యాహ్నం సముద్రం మీదనుంచి, రాత్రి పొద్దుపోయాక కొండల వైపు నుంచి. అందుకని టెంటు సన్నటి కొసని సముద్రం వైపు పెట్టి, రెండు చివర్లా గాలి కిటికీలు తెరిచే ఉంచాలి. చలేస్తోందని అన్నీ మూసేస్తే లోపలి ఊపిరి తేమంతా గుడ్డకి పట్టి, తెల్లవారేసరికి దుప్పట్లు తడిసిపోతాయి. వాన కురిసిందనుకుంటారు. కింద పరిచే పట్టా అంచు టెంటు బయటికి కనబడకూడదు, లేకపోతే మంచు నీళ్లు దానిమీదుగా లోపలికి దిగుతాయి.

నీళ్లు తాగడానికి, వంటకి మనిషికి రోజుకి ఐదు లీటర్లు, ఉప్పు కడుక్కోవడానికి ఇంకో ఐదు. నలుగురికి రెండు రోజులంటే 20 లీటర్ల టిన్నులు నాలుగు. బరువుకి భయపడి తగ్గించకండి.

వంటకి చిన్న గ్యాస్ స్టవ్ చాలు. గాలికి అడ్డంగా రేకు పెట్టేటప్పుడు సిలిండర్‌ని కూడా లోపల పెట్టి చుట్టూ మూసేస్తారు కొందరు. సిలిండర్ వేడెక్కితే ఎంత ముప్పో చెప్పనక్కర్లేదు. అడ్డు బర్నర్‌కి ఒక వైపే ఉండాలి. వాన పడినా సరే, టెంటు లోపల స్టవ్ గానీ బొగ్గుల కుంపటి గానీ వెలిగించకూడదు. ఆ పొగలోని విషవాయువుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. సరుగుడు ఆకు ఎండిందంటే చమురులాగా అంటుకుంటుంది, కాబట్టి పొయ్యి చుట్టూ రెండు మీటర్లు ఊడ్చెయ్యాలి. ఇక నిప్పులు. అందరూ చేసే పొరపాటు, వాటి మీద ఇసుక కప్పేసి వెళ్లిపోవడం. ఇసుక కింద నిప్పు గంటల తరబడి కణకణలాడుతూనే ఉంటుంది. పైకి ఏమీ కనబడదు, మర్నాడు ఎవరి పిల్లలో ఉత్త కాళ్లతో తొక్కుతారు. బకెట్ నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోసి, చెయ్యి దగ్గర పెట్టినా వేడి తగలనప్పుడే వదలాలి.

తీరానికి వచ్చి చేపలు తినకుండా ఎలా? పొద్దున్నే పడవలు ఒడ్డుకొచ్చే వేళకి మంగమారిపేటలోనో భీమిలిలోనో కొనుక్కోవచ్చు. మొప్పలు ఎర్రగా, కళ్లు ఉబ్బుగా, వేలితో నొక్కితే కండ వెంటనే పైకి లేవాలి. కానాగంతల విషయంలో మాత్రం జాగ్రత్త. వాటిని ఎండలో, మంచు లేకుండా గంటలకొద్దీ ఉంచితే కండలో హిస్టమిన్ పుడుతుంది. ఎంత ఉడికించినా, వేయించినా అది పోదు. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడి, దద్దుర్లు లేచి, తలనొప్పి, విరేచనాలు వస్తాయి. చేప ఎంత బరువో మంచుగడ్డ కూడా అంత బరువు పెట్టెలో వెయ్యండి, లేదా కొన్న వెంటనే వండెయ్యండి. దారిలోకి పులిహోర మంచిది, పెరుగన్నం మధ్యాహ్నానికే పులిసిపోతుంది.

ఇక తిరుగుళ్లు. రాళ్ల గుంటల దగ్గరికి ఆటుకి గంటన్నర ముందే చేరాలి. నీళ్లు దిగుతుండగా దానితోపాటు లోపలికి నడిచి, ఆటు తిరిగిన వెంటనే వెనక్కి బయల్దేరాలి. మంగమారిపేట దగ్గర అలలు తొలిచిన రాతి తోరణం కూడా ఆ వేళకే దగ్గర్నుంచి చూడ్డానికి వీలు. తోరణం మీదికి మాత్రం ఎక్కకండి. పచ్చ నాచు పట్టిన రాయి నున్నగా జారుతుంది, కాబట్టి హవాయి చెప్పులు పనికిరావు, పాత కాన్వాస్ బూట్లు వేసుకోవాలి. గుంట పక్కన కూర్చుని రెండు నిమిషాలు కదలకుండా చూస్తే సన్యాసి పీతలు నడవడం మొదలుపెడతాయి, పువ్వుల్లాంటి సముద్ర ఎనిమోన్లు విచ్చుకుంటాయి, రాతి పగుళ్లలో సముద్రపు ముళ్ల ఉండలు కనబడతాయి. నీడ పడితే అన్నీ ముడుచుకుంటాయి. రాయి తిరగేస్తే ఎలా ఉన్నదాన్ని అలాగే తిరిగి పెట్టాలి, దాని కింద బతికేవి ఎండకి చచ్చిపోతాయి. శంకువు ఆకారంలో ఉన్న అందమైన గవ్వలని చేత్తో తీయకండి. లోపల నత్త బతికుంటే విషపు ముల్లుతో పొడుస్తుంది. కొన్ని జాతుల విషం మనిషి ప్రాణం తీసేంతటిది. ఒడ్డున వలల పక్కన పడి ఉన్న సముద్రపు పాముని కూడా చచ్చిందనుకుని తాకకూడదు.

జెల్లీ ఫిష్ తగిలితే ఇసుకతో రుద్దొద్దు, మంచినీళ్లు పొయ్యొద్దు. రెండూ ఒంటికి అంటుకున్న విషపు కణాలని ఇంకా పగలగొడతాయి. సముద్రపు నీళ్లతోనే కడిగి, తీగలేమైనా అంటుకుంటే పట్టకారుతో తీసి, ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో ఆ భాగాన్ని ముంచాలి. చేప ముల్లు, టేకుచేప ముల్లు గుచ్చుకున్నా వేడినీళ్లే. ఊపిరి ఇబ్బందైనా, వాపు పాకుతున్నా ఆస్పత్రికి పరిగెత్తాలి.

ఈతకి రుషికొండ తప్ప ఇంకో చోటు చెప్పను. శుభ్రత, భద్రత చూసి బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు బ్లూ ఫ్లాగ్ 2020లో వచ్చిన బీచ్ అది, లైఫ్‌గార్డులు ఉండే వేళల్లోనే, వాళ్లు చూపించిన మేరకే దిగాలి. ఈ తీరం అంతటా ఒడ్డు నిటారుగా దిగుతుంది. అల సరిగ్గా ఒడ్డు దగ్గరే విరిగి కాళ్లకింద ఇసుకని లాగేస్తుంది. అంతకంటే ప్రమాదం లోపలికి లాగే ప్రవాహం. రెండు పక్కలా అలలు తెల్లగా విరుగుతూ, మధ్యలో ఒక పాయ నీళ్లు మాత్రం నల్లగా, ప్రశాంతంగా కనబడితే, కొత్తవాళ్లు అదే మంచి చోటని దిగుతారు. ఒడ్డుకి చేరిన నీరంతా తిరిగి లోపలికి పోయే దారి అదే. చిక్కుకుంటే ఒడ్డుకేసి ఎదురీదకూడదు, ఎంత ఈతగాడైనా అలసిపోతాడు. వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవాలి, సత్తువుంటే ఒడ్డుకి సమాంతరంగా ఈది, అలలు విరిగే చోటినుంచి బయటికి రావాలి. కాపాడ్డానికి ఇంకొకరు ఉత్త చేతులతో దూకితే ఇద్దరూ పోతారు. ఖాళీ టిన్ను, తాడు, ఏదైనా తేలేది విసరండి. గోస్తనీ కలిసే చోట ఆటు వేళ నది నీరు కూడా తోడై లాగుతుంది, అక్కడ పిల్లల్ని మోకాలి లోతుకి కూడా పంపకండి.

ఇసుకలో గోతులు తవ్వే పిల్లలకి ఒకటే నియమం: మోకాలి కంటే లోతు తవ్వకూడదు. పక్కలు కూలితే మనిషిని బయటికి తీయడం పెద్దవాళ్లకి కూడా కష్టం.

ఎర్రమట్టి దిబ్బలకి పొద్దున ఏడింటికే వెళ్లాలి. ఏటవాలు వెలుతురులో ఆ గట్ల మడతలు తేటగా కనిపిస్తాయి, తొమ్మిది దాటితే ఆ లోయల్లో గాలి ఆడదు. వేల ఏళ్ల క్రితం గాలి తెచ్చి పోసిన ఇసుక అది. ఇనుప ఆక్సైడ్ పూతతో ఎర్రబడింది, వాన నీళ్లు కోసి లోయలు చేశాయి. జియలాజికల్ సర్వే దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. గట్లు గట్టి రాయిలాగా కనబడినా ఇసుకే, అంచున నిలబడితే విరుగుతాయి, కింద ఆనుకుని కూర్చున్నా ప్రమాదమే. వానొస్తే లోయలోంచి వెంటనే బయటికి రావాలి. లోపల అన్ని దారులూ ఒకేలా ఉంటాయి కాబట్టి ప్రతి చీలిక దగ్గరా వెనక్కి తిరిగి, రావలసిన దారి ఫోన్‌లో ఫొటో తీసుకోండి. గుప్పెడు మట్టి కూడా తీసుకెళ్లకండి, గోడల మీద పేర్లు గియ్యకండి.

సాయంత్రం తొట్లకొండ. 128 మీటర్ల ఎత్తున, వర్షపు నీటికోసం రాతిలో తొలిచిన తొట్లు, స్తూపాలు, భిక్షువుల గదుల పునాదులు ఉన్నాయి. 1988 నుంచి 1993 దాకా తవ్వకాలు జరిగాయి. జనవరిలో అయిదూ నలభైకే సూర్యుడు కొండల వెనక్కి పోతాడు, కాబట్టి నాలుగున్నరకల్లా పైన ఉండాలి. భీమిలికి ఒక పూట చాలు: డచ్చి వాళ్ల సమాధులు, దీపస్తంభం, 1861లో మునిసిపాలిటీ అయిన ఆ ఊరి పాత వీధులు.

జనవరి నుంచి మార్చి దాకా రాత్రిపూట ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. టార్చి వెలుగు పడితే తల్లి గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరుగుతుంది, పిల్లలు వెలుగుని చూసి సముద్రం వైపు కాకుండా రోడ్డు వైపు పాకుతాయి. సముద్రం వైపు దీపాలు ఆర్పెయ్యండి, నడవాల్సి వస్తే టార్చికి ఎర్ర కాగితం చుట్టండి. గూడు కనబడితే ముట్టుకోకుండా అటవీ శాఖ వాళ్లకి చెప్పండి.

ఇంటికొచ్చాక పని మిగిలే ఉంటుంది. టెంటు జిప్పులు, స్టవ్ బర్నర్, మడత కుర్చీల కీళ్లు మంచినీళ్లతో కడగాలి, ఉప్పు ఒక్క వారంలో వాటిని బిగించేస్తుంది. ఆరాక జిప్పుల మీద కొవ్వొత్తి రుద్దితే సాఫీగా నడుస్తాయి. టెంటుని నీడలో పూర్తిగా ఆరబెట్టి, మూలల్లోని ఇసుక దులిపాకే మడవండి. ఇసుక ఉండగా మడిస్తే మడత పడిన ప్రతిచోటా లోపలి పూత గీసుకుపోయి, వచ్చే ఏడాది మంచుకే కారుతుంది.