బెత్తెడు పైపు

విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నది డీజిల్ పంపుల షెడ్డు. లారీల ఇంజెక్షన్ పంపులు, నాజిళ్ళు విప్పి కడిగి, టెస్ట్ బెంచి మీద కట్టి, కాలిబ్రేషన్ చేసి పంపడం పని. కంపెనీ పేరు 2008లోనే బోష్‌గా మారినా మా షెడ్డులో అవి ఇప్పటికీ మైకో పంపులే. వేసవి సెలవుల్లో నా డ్యూటీ ఏమిటంటే, బెంచి పక్కన నిలబడి గాజు గొట్టాల్లో డీజిల్ ఎంతవరకు వచ్చిందో చదివి చెప్పడం. ఆరు సిలిండర్ల పంపుకి ఆరు గొట్టాలు. ఆరింటిలోనూ మట్టం ఒక్కలాగే ఉండాలి. నురగ దిగేదాకా ఆగి చదవాలి. తొందరపడితే నెత్తిన మొట్టికాయ పడేది.

డాలస్‌లో మా గరాజ్‌లో ఉన్న 1995 మాజ్డా మియాటాకి టర్బో పెట్టినప్పుడు ఆ గాజు గొట్టాలు నాకు గుర్తు రావాల్సింది. రాలేదు. అందుకే ఈ పోస్టు.

కారు గురించి రెండు ముక్కలు. రెండే సీట్లు, 1.8 లీటర్ల ఇంజన్, కొత్తలో 128 హార్స్‌పవర్. మా ఆవిడ దాన్ని సబ్బుబిళ్ళ అంటుంది, ఆకారం చూసి. నాకు అమ్మినాయన అప్పటికే దానికి ఓ పాతకాలం టర్బో కిట్ బిగించి ఉన్నాడు. ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు మాత్రం కంపెనీవే, మార్చలేదు. వాటి చేతే ఎక్కువ పెట్రోలు పోయించడానికి, బూస్ట్ (టర్బో ఇంజన్‌లోకి తోసే గాలి ఒత్తిడి) ఒక్క పీఎస్ఐ పెరిగితే పెట్రోలు ఒత్తిడి ఐదారు పీఎస్ఐ పెంచే రెగ్యులేటర్ ఒకటి తగిలించాడు. తొంభైల్లో కంప్యూటర్‌ని ముట్టుకోవడం కష్టం కాబట్టి అందరూ అలాగే నెట్టుకొచ్చారు. చిన్న చెంబుతో పెళ్ళి వంట చేసినట్టుంటుంది ఆ ఏర్పాటు. మొత్తం పీకేసి, కొత్త ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, పెట్టి, మొదటి నుంచీ లెక్క వేసుకున్నాను.

లెక్క పెద్ద బ్రహ్మవిద్య ఏం కాదు. చక్రాల దగ్గర 220 హార్స్‌పవర్ చాలనుకున్నాను, ఎందుకంటే ఈ ఇంజన్ కనెక్టింగ్ రాడ్లని అంతకు మించి నమ్మడానికి లేదు. చక్రాల దగ్గర 220 అంటే ఇంజన్ దగ్గర సుమారు 260. టర్బో ఇంజన్ ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకి 0.6 పౌండ్ల పెట్రోలు తాగుతుందని వేసుకుంటే మొత్తం 156 పౌండ్లు. నాలుగు ఇంజెక్టర్లకి పంచితే తలా 39. కానీ ఇంజెక్టర్ని నూటికి నూరుపాళ్ళూ తెరిచే ఉంచకూడదు, 80 శాతం దగ్గర గీత గీసుకోవాలి. అలా చూస్తే ఒక్కోటీ గంటకి 49 పౌండ్లు పోయగలగాలి. పౌండుకి నిమిషానికి 10.5 సీసీ చొప్పున 510 పైచిలుకు. కంపెనీ ఇంజెక్టర్లు 250 సీసీ చిల్లర. అంటే కావలసినదాంట్లో సగం.

510 కావాలని తేలినవాడు ఏం కొనాలి? 550, 600, పోనీ 640. నేను కొన్నది 1000 సీసీవి. చవగ్గా వచ్చాయి, పెద్దవైతే రేపు పనికొస్తాయి కదా అన్న కక్కుర్తి. అమ్మినవాడు డేటా షీటు ఏమీ ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

ఇంజెక్టర్ అంటే కరెంటుతో తెరుచుకునే చిన్న కుళాయి. కరెంటు ఇచ్చిన క్షణానే తెరుచుకోదు, సుమారుగా ఒక మిల్లీసెకను ఆలస్యం ఉంటుంది. ఓల్టేజి తగ్గితే ఆ ఆలస్యం ఇంకా పెరుగుతుంది. ఈ అంకెలు ఈసీయూకి చెప్పాలి, అవి ఉండేది ఆ డేటా షీటులోనే. ఐడిల్‌లో, అంటే కాలు పెట్టకుండా ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, మొత్తం తెరిచి ఉంచే సమయమే రెండు మిల్లీసెకన్లు ఉండదు, అందులో సగం ఆలస్యానికే పోతే మిగిలిన దాంట్లో కొలత తప్పితే ఎంత తేడా వస్తుందో ఊహించుకోండి. హెడ్‌లైట్లు వేస్తే ఇంజన్ ఊగేది. ఏసీ వేస్తే ఆగిపోయేది. టెక్సస్ ఆగస్టులో ఏసీ లేకుండా వెళ్ళాలంటే అది కారు ప్రయాణం కాదు, ఇడ్లీ పాత్రలో కూర్చోవడమే.

నెల తర్వాత ఆ నాలుగింటినీ ఫ్లో టెస్టుకి పంపాను. అన్నిటికన్నా ఎక్కువ పోసేదానికీ తక్కువ పోసేదానికీ మధ్య తొమ్మిది శాతం తేడా. పెట్రోలుకి ఎన్ని రెట్లు గాలి కలుస్తోందో కొలిచే వైడ్‌బ్యాండ్ మీటరు చూపించేది నాలుగు సిలిండర్ల సగటు. ఒకడు పస్తున్నా, మిగతా ముగ్గురూ తిన్నది కలిపి చూసి అందరూ భోంచేశారనే చెబుతుంది. బూస్ట్ మీద ఆ పస్తున్నవాడి పిస్టనే ముందు పోతుంది. నాన్న బెంచి మీద అయితే ఆ నాలుగూ మొదటి గంటలోనే చెత్తబుట్టలో ఉండేవి.

రెండోసారి 640 సీసీవి తీసుకున్నాను. బోష్ ఈవీ14 రకం మీద చేసినవి, నాలుగూ జత కుదిర్చినవి, ప్రతి ఓల్టేజికీ ఆలస్యం ఎంతో పట్టికతో సహా. నాలుగు వందల డాలర్ల దాకా అయింది. వేసిన రోజు సాయంత్రమే ఐడిల్ కుట్టు మిషన్‌లా కుదురుకుంది.

ట్యాంకులోంచి పెట్రోలు తోసే పంపు విషయంలోనూ ఇదే రోగం. ఎవర్నడిగినా "వాల్బ్రో 255 వేసేయ్" అంటారు. గంటకి 255 లీటర్లన్నమాట. నాకు కావలసింది చూస్తే, 156 పౌండ్లంటే వంద లీటర్ల లోపే. పాతిక, ముప్ఫై శాతం కలుపుకున్నా 130. అయితే ఆ 130 ఏ ఒత్తిడి దగ్గర అన్నది చూసుకోవాలి. డబ్బా మీద అంకె చూసి మురిసిపోకూడదు. ఒత్తిడి పెరిగేకొద్దీ ఏ పంపైనా తక్కువే పోస్తుంది.

ఆ ఒత్తిడి ఎందుకు పెరుగుతుందంటే, బూస్ట్ వచ్చినప్పుడు ఇన్‌టేక్‌లో గాలి ఇంజెక్టర్ మూతికి ఎదురు తోస్తుంటుంది. ఎదురుగాలిలో సైకిల్ తొక్కినట్టు. అందుకని రెగ్యులేటర్ బూస్ట్ ఎంత పెరిగితే పెట్రోలు ఒత్తిడినీ సరిగ్గా అంతే పెంచుతుంది. అసలు 43.5 పీఎస్ఐ, నా బూస్ట్ 12, వెరసి 55.5. ఆ 55.5 దగ్గర, పంపు కనెక్టర్ దగ్గర నిజంగా అందే ఓల్టేజిలో, 130 లీటర్లు వస్తాయా? పంపు కొనేముందు వేసుకోవాల్సిన ప్రశ్న అది.

నేను వేసుకోకుండా 255 కొన్నాను. ఈ కారులో వాడని పెట్రోలు రిటర్న్ లైన్లో తిరిగి ట్యాంకుకి పోతుంది. కంపెనీ రెగ్యులేటర్‌కి అంత పెట్రోలు వెనక్కి పంపే దారి లేదు. వాక్యూమ్ పైపు తీసి ఐడిల్‌లో గేజి చూస్తే 43 ఉండాల్సింది 52. పెద్ద పంపు, పెద్ద రెగ్యులేటర్, పెద్ద రిటర్న్ లైన్, అలా ఒకదాని వెనక ఒకటి పర్సు ఖాళీ చేయొచ్చు. లేదా నాలాగా సిగ్గు మింగి 190 లీటర్ల వాల్బ్రో కొనుక్కోవచ్చు. అది వేశాక గేజి 43 మీద కదలకుండా నిలబడింది. 190 అంటే వినేవాళ్ళ మొహాలు చిన్నబోతాయి కానీ ఈ కారుకి అదే ఎక్కువ.

కరెంటు తీగ కూడా మార్చాను. ఆల్టర్నేటర్ దగ్గర 13.9 ఓల్టులుంటే పంపు కనెక్టర్ దగ్గర 11.6. ముప్ఫై ఏళ్ళ సన్న తీగలు, మధ్యలో అన్ని జాయింట్లు. మియాటాలో బ్యాటరీ డిక్కీలోనే ఉంటుంది, ట్యాంకు సీట్ల వెనకే, కాబట్టి రిలే, ఫ్యూజు పెట్టి లావు తీగ లాగడం గంట పని. 13.4కి వచ్చింది. పెట్టిన డబ్బుకి ఇంత ఫలితం ఇచ్చింది ఇంకోటి లేదు.

ఈ85 వేయొచ్చుగా అని అడిగేవాళ్ళున్నారు. ఇక్కడ ఈ85 పేరుతో అమ్మేదాంట్లో ఇథనాల్ 51 నుంచి 83 శాతం దాకా ఎంతైనా ఉండొచ్చు, కాలాన్ని బట్టి మారుతుంది. అందుకే ఎంతుందో కొలిచే సెన్సర్ కావాలి. పైగా ముప్ఫై శాతానికి పైగా ఎక్కువ పోయాలి, నా 640లు అంచుకొస్తాయి. 93 ఆక్టేన్‌తో నా పని జరుగుతోంది. ఇక్కడి 93 అంటే మన బంకుల లెక్కలో దాదాపు 98, ఇక్కడ కొలిచే పద్ధతి వేరు.

ఇక అసలు సంగతి. ఒక ఆదివారం పొద్దున్న, ఫ్రీవే ఎక్కే ర్యాంపు మీద, మూడో గేరు, ఫుల్ బూస్ట్. 11.5 ఉండాల్సిన వైడ్‌బ్యాండ్ 6000 ఆర్‌పీఎం దగ్గర 12కి, అక్కణ్ణుంచి 12.9కి పాకింది, అంటే పెట్రోలు చాలడం లేదు. కాలు తీసేశాను. ఇంకో రెండు సెకన్లు తొక్కి ఉంటే ఈ పోస్టు ఇంజన్ రీబిల్డ్ గురించి అయ్యేది.

మొదట ఇంజెక్టర్లని అనుమానించాను. ఈసీయూ రాసుకున్న లాగ్ చూస్తే అవి తెరిచి ఉంటున్నది 64 శాతం సేపే, అవి ఇంకా బోలెడు పోయగలవు. ఈసీయూకి ఇచ్చిన అంకెల్ని అనుమానించాను. ఫిల్టర్ మార్చాను. మూడు వారాంతాలు గడిచాయి. ఓ రాత్రి నాన్నకి వీడియో కాల్ చేశాను. అక్కడ పొద్దున్న, షెడ్డులో రేడియో మోగుతోంది.

"ఒత్తిడి చూశావంట్రా?"

"చూశాను నాన్నా, 43, కరెక్టుగా ఉంది."

"బండి నిలబెట్టా?"

"ఆఁ."

"నిలబడ్డ లారీ ఒత్తిడి నాకెందుకురా. లోడు మీద ఎంత?"

నా దగ్గర జవాబు లేదు. నాన్న కాసేపు ఏదో నాజిల్ తుడుచుకుని, "కొలవకుండా విప్పేవాణ్ణి మెకానిక్ అనరు, విప్పేవాడంటారు. ట్యాంకు దగ్గర మొదలెట్టి ముందుకి రా" అని ఫోను పెట్టేశారు.

ఒత్తిడి సెన్సర్ తెప్పించి, ఇంజెక్టర్లకి పెట్రోలు పంచే గొట్టానికి (రైల్) బిగించి ఈసీయూకి కలిపాను. అదే ర్యాంపు, అదే గేరు. బూస్ట్ 12 దగ్గర 55 ఉండాల్సిన ఒత్తిడి 46. ఇంజెక్టర్లు చెప్పినంతసేపూ తెరిచే ఉంటున్నాయి, వెనకనుంచి తోసేది లేదు.

సీట్ల వెనక కార్పెట్ లేపి, మూత తీసి, పంపు బయటికి లాగాను. ట్యాంకు లోపల పంపుకీ పైన ఇనుప గొట్టానికీ మధ్య బెత్తెడు రబ్బరు పైపు ఉంటుంది. పంపు మార్చిన రోజు ఆ పైపు నేనే వేశాను. ట్యాంకులో మునిగి ఉండే పైపు వేరే రకం, దాని మీద 30ఆర్10 అని రాసి ఉంటుంది. అడుగు ఇరవై డాలర్లు. బెత్తెడు పైపుకి ఇరవై డాలర్లా అని, ఇంజన్ దగ్గర వాడగా మిగిలిన మామూలు ఇంజెక్షన్ పైపు ముక్క కోసి పెట్టాను. ఇదీ పెట్రోలు పైపే కదా అని. దానికి పెట్రోలు తట్టుకునే పొర ఉండేది లోపలి వైపు. బయటి రబ్బరు గాలిలో ఉండటానికే, పెట్రోల్లో నానడానికి కాదు.

చేతిలోకి తీసుకుంటే ఉడికిన వంకాయలా మెత్తగా ఉంది. స్క్రూ క్లిప్పు రబ్బర్లోకి దిగబడి, అంచున గోరంత చీలిక. ఐడిల్లో ఆ చీలిక ఎంత కార్చినా పంపుకి లెక్కలేదు. బూస్ట్ మీద నోరు తెరుస్తోంది. కారింది మళ్ళీ ట్యాంకులోనే పడుతుంది కనుక నేల మీద చుక్క లేదు, వాసనా లేదు. నాలుగు వందల డాలర్ల ఇంజెక్టర్లూ, ఓల్టేజి పట్టికలూ, నా లెక్కలూ అన్నీ ఆ గోరంత చీలిక ముందు దిగదుడుపే.

30ఆర్10 పైపు ఒక అడుగు, అంచు రబ్బర్ని కోయని నున్నటి క్లాంపులు రెండు. ఇరవై ఏడు డాలర్లు. మళ్ళీ ర్యాంపు ఎక్కితే 55, ఎర్రగీత దాకా 55. నాన్నకి స్క్రీన్‌షాట్ పంపితే "ఎన్నిసార్లు చూశావ్?" అని ఒక్క ముక్క రాశారు. ఒకసారే. ఇంకో రెండుసార్లు వెళ్ళొచ్చాను.

పాత ముక్క పారెయ్యొద్దన్నారు. రెండు రకాలదీ కొత్త ముక్క చెరొకటి కోసి, వేర్వేరు సీసాల్లో పెట్రోలు పోసి నానబెట్టి, వారం వారం కొలవమన్నారు. ఇంటికి దూరంగా, పెరట్లో షెడ్డులో పెట్టాను, కాలిపర్ పక్కనే ఉంచి. మామూలు పైపు మొదటి వారానికే 14.3 మిల్లీమీటర్ల నుంచి 15.1కి ఉబ్బింది. రెండోది కదల్లేదు. మూడో వారం కొలతకి వెళ్ళేసరికి మా ఆవిడ షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏవండీ, ఇవి మా అమ్మ పంపిన ఆవకాయ సీసాలు కదూ?"