ఎండకు ఊడిన పెడళ్ళు, సైకిల్ చైను లింకులు

నిరుడు మే నెలలో ఆదోనిలో ఒక పెళ్ళి రిసెప్షన్‌కు వాయించడానికి వెళ్ళినప్పుడు, రెండో పాట మధ్యలో ఓవర్‌డ్రైవ్ పెడల్‌ను, అంటే గిటార్ శబ్దాన్ని గరుకుగా మార్చే చిన్న పెట్టెను, నొక్కి కాలు తీయగానే అది వెల్క్రోతో అంటించిన బోర్డు మీద నుంచి జారి పక్కకు ఒరిగింది. దాంతోపాటే పెడళ్ళను ఒకదానికొకటి కలిపే ప్యాచ్ కేబుల్ ప్లగ్గు సగం బయటికి రావడంతో స్పీకర్లలో బుర్రుమనే మోత తప్ప నా గిటార్ వినిపించలేదు. కీబోర్డు వాయించే అన్న నా వైపు ఒక్కసారి చూసి, ఏమీ జరగనట్టే నా భాగాన్ని కూడా తానే అందుకున్నాడు. నేను మోకాళ్ళ మీద కూర్చుని ప్లగ్గు దూర్చి, మిగిలిన కచేరీ అంతా ఆ పెడల్‌ను ఎడమ బూటుతో అదిమిపట్టుకుని గడిపాను.

ఇంటికి వచ్చి చూస్తే వెల్క్రో ఊడలేదని తెలిసింది. గరుకు పొర, నూగు పొర రెండూ ఉత్తరేణి గింజలు పంచె అంచును పట్టుకున్నట్టు ఒకదాన్నొకటి గట్టిగానే పట్టుకుని ఉన్నాయి. ఊడింది పొరకూ పెడల్‌కూ మధ్య ఉన్న గమ్ము. ముట్టుకుంటే పాకంలా తీగలు సాగింది. కర్నూలు నుంచి ఆదోనికి సుమారు 100 కిలోమీటర్లు, మిట్టమధ్యాహ్నం, కారు డిక్కీలో. రోహిణీ కార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయంటారు, ఇక గమ్ము ఏపాటి!

టైలరింగ్ సామాన్ల దుకాణంలో మీటరు లెక్కన అమ్మే గమ్ము వెల్క్రోల్లో చాలావాటికి రబ్బరు జాతి జిగురు ఉంటుంది. అది అంటించిన క్షణంలోనే గట్టిగా పట్టినట్టు అనిపిస్తుంది గానీ వేడికి మెత్తబడుతుంది. యాక్రిలిక్ జిగురు దీనికి విరుద్ధం. మొదట్లో బలహీనంగా కనిపించినా, గట్టిగా అదిమి కనీసం ఒక రోజు కదపకుండా వదిలేస్తే పూర్తి పట్టు వస్తుంది, వేడిని కూడా చాలావరకు తట్టుకుంటుంది. త్రీఎం కంపెనీ డ్యుయల్ లాక్ అనే పట్టీల్లో యాక్రిలిక్ జిగురువి ఈ రెండో తరగతిలోవి. డ్యుయల్ లాక్‌లో గరుకు, నూగు అనే తేడా లేదు. రెండు ముక్కల మీదా పుట్టగొడుగు ఆకారంలో చిన్న చిన్న ప్లాస్టిక్ కాడలుంటాయి, అదిమితే టకటకమని ఒకదానిలో ఒకటి ఇరుక్కుంటాయి. 250 రకం అంటే చదరపు అంగుళానికి అన్ని కాడలన్నమాట. దాని పట్టు ఎంత గట్టిదంటే, పెడల్ అడుగంతా పరిచిన వారు తరువాత దాన్ని పీకడానికి నానా తంటాలు పడతారు. నాలుగు మూలలా చిన్న ముక్కలు చాలు.

లోహం శుభ్రంగా ఉంటేనే ఏ జిగురైనా నిలుస్తుంది. పాత గమ్మును హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వెచ్చబెట్టి మెల్లగా ఒలిచి, మిగిలిన మరకను నీలగిరి తైలంతో తుడిచి, ఆ తైలపు జిడ్డు పోవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మళ్ళీ తుడవాలి. మొబైల్ రిపేరు దుకాణాల్లో ఐపీఏ అని అడిగితే ఎక్కడ దొరుకుతుందో చెబుతారు. పెడల్ అడుగున రబ్బరు షీటు ఉంటే మాత్రం దాని మీద అంటించడం వృథా ప్రయాస, చాలా జిగుర్లు రబ్బరు మీద నిలవవు. రబ్బరు పీకేస్తే రేపు అమ్ముకునేటప్పుడు ధర తగ్గుతుంది.

ఆ రబ్బరు సంగతే నన్ను సైకిల్ చైను వైపు నడిపించింది. ఇది నా సొంత తెలివి కాదు, గిటార్ వాయించేవారిలో చాలాకాలంగా ఉన్న పద్ధతి. చైను బయటి లింకు పలక ఎనిమిది అంకె ఆకారంలో ఉంటుంది, దానికి రెండు చివర్లా రెండు రంధ్రాలు, వాటి మధ్య దూరం అర అంగుళం. పిన్ను కొట్టి విడదీస్తే ఆ రంధ్రంలో 3 మిల్లీమీటర్ల స్క్రూ సులువుగా దూరుతుంది. పెడల్ అడుగు రేకును పట్టి ఉంచే స్క్రూను విప్పి, దాని కింద లింకు ఒక చివరను ఉంచి మళ్ళీ బిగించాలి, బయటికి పొడుచుకొచ్చిన రెండో చివరను చెక్కకు బిగించాలి. అంతే. పెడల్‌కు కొత్త రంధ్రం ఉండదు, జిగురు మరక ఉండదు.

కొండారెడ్డి బురుజుకు కాస్త దూరంలో ఉన్న సైకిల్ షాపులో పాత చైను అడిగితే, అక్కడి పెద్దాయన, “ఏమప్పా, సైకిలే లేకుండా చైను ఎందుకప్పా నీకు?” అన్నాడు. గిటారు సామాన్లకని చెప్పాను. ఆయన నమ్మినట్టు లేడు గానీ, పిన్నులు మాత్రం తానే కొట్టి ఇరవై పలకలు అగ్గిపెట్టెలో పోసి ఇచ్చాడు. ఇంట్లో వాటిని పెట్రోలులో కడిగితే నల్లటి గ్రీజు దిగి, లోపలి నుంచి చక్కటి ఉక్కు మెరుపు బయటపడింది.

బోర్డుకు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు తీసుకున్నాను. రెండడుగుల పొడవు, అడుగుకు కాస్త ఎక్కువ వెడల్పు. బాస్ కంపెనీ చిన్న పెడల్ వెడల్పు 73 మిల్లీమీటర్లు, పొడవు 129. అలాంటివి ఐదు పెట్టి, ప్లగ్గుల కోసం మధ్యలో 35 మిల్లీమీటర్ల చొప్పున సందు వదిలితే 505 మిల్లీమీటర్లు అవుతుంది, అటూ ఇటూ కేబుళ్ళకు చోటు మిగులుతుంది. బిగించే ముందు పెడళ్ళన్నీ పరిచి, ప్లగ్గులన్నీ దూర్చి, నిలబడి కాలితో నొక్కి చూసుకోవాలి. ఈ పని చేయకుండా తొందరపడి బిగించిన మొదటి రోజు, శ్రుతి చూసుకునే ట్యూనర్‌ను నొక్కితే పక్కనున్న డిస్టార్షన్ పెడల్ కూడా కాలికి తగిలింది. అన్నీ విప్పి మళ్ళీ చేశాను.

రెండు జాగ్రత్తలు మాత్రం తప్పవు. లింకు మందం వల్ల పాత స్క్రూ మరలు లోపల సరిగా పట్టకపోతే కొంచెం పొడుగు స్క్రూ వేసుకోవచ్చు, కానీ అతి పొడుగైతే లోపలి సర్క్యూట్‌కు తగులుతుంది. చెక్కలో 10 మిల్లీమీటర్ల స్క్రూ కంటే పొడుగు వేస్తే మొన కిందికి వచ్చి బట్టలు చింపే ప్రమాదం ఉంది. సన్నటి డ్రిల్లుతో ముందే చిన్న రంధ్రం వేసుకుంటే ప్లైవుడ్డు పొర లేవదు.

కాలితో మాటిమాటికీ నొక్కే పెడళ్ళకు నాలుగేసి లింకులు, ట్యూనర్‌కు ఎదురెదురు మూలల్లో రెండు వేశాను. ఎప్పుడూ ఆన్‌లోనే ఉండే, ప్రతిధ్వనిలాంటి మోతనిచ్చే రివర్బ్ పెడల్‌కు వెల్క్రో చాలనుకున్నాను. వెల్క్రో అడ్డంగా లాగితే బాగా ఆగుతుంది గానీ అంచు పట్టుకుని పైకి ఒలిస్తే లొంగిపోతుంది, రివర్బ్‌ను ఎవరూ ఒలవరు కదా అని నా లెక్క. పైగా బోర్డు వైపు పొరకు జిగురును నమ్ముకోకుండా స్టేపుల్ పిన్నులు కొట్టాను, జిగురు పెడల్ వైపు మాత్రమే.

ఈ ఏడాది మే నెలలో నంద్యాల వెళ్ళేటప్పుడు కావాలనే బోర్డును అదే డిక్కీలో ఎండలో వదిలాను. దిగి తలకిందులుగా పట్టుకుని ఊపితే లింకులు వేసినవేవీ కదల్లేదు. రివర్బ్ పడలేదు గానీ వేలెడంత పక్కకు జరిగి, దాని కేబుల్ బిర్రుగా లాగుకుపోయి ఉంది. అగ్గిపెట్టెలో ఇంకా రెండు పలకలు మిగిలాయి, అవి దానికే.