అయిదు డాలర్లు, పది డాలర్లు

ఈ రోజు ఆఫీసులో భోజనాల దగ్గర మాటల్లో అమెరికా అంతర్యుద్ధం, అంటే 1861-65లో ఆ దేశపు ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన యుద్ధం, ప్రస్తావన వచ్చింది. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక సహోద్యోగి, ఆ యుద్ధం బానిసత్వం గురించి కాదనీ, కేంద్రం జోక్యం లేకుండా రాష్ట్రాలు తమ చట్టాలు తామే చేసుకునే హక్కుల కోసం జరిగిందనీ తాను విన్నానన్నారు. చెడు ఉద్దేశంతో అన్నది కాదు. రాష్ట్రం కోసం జరిగిన ఉద్యమాలను కళ్లారా చూసిన మనకు ఆ మాట న్యాయంగా వినిపించడం సహజమే. అయినా బోస్టన్‌లో కూర్చుని ఆ మాట వినడం నాకు చాలా బాధ కలిగించింది. కాస్త నడిచి వద్దాం రండి అని ఆయనను స్టేట్ స్ట్రీట్‌కు తీసుకువెళ్లాను.

ఆ వీధి మొదట్లోనే, ఎత్తయిన బ్యాంకు భవనాల మధ్య, ఎర్ర ఇటుకల పాత స్టేట్ హౌస్ (ఒకప్పటి ప్రభుత్వ భవనం) ఇప్పటికీ ఉంది. దాని తూర్పు గోడకున్న బాల్కనీ నుంచే 1776 జూలైలో స్వాతంత్ర్య ప్రకటనను ఈ ఊరి ప్రజలకు చదివి వినిపించారు. 1854 జూన్ 2న ఆ బాల్కనీ ముందు నుంచే ఆంథొనీ బర్న్స్ అనే ఇరవై ఏళ్ల యువకుడిని సైనికుల మధ్య రేవు దాకా నడిపించి, ఓడ ఎక్కించి, వర్జీనియాలోని అతని యజమానికి అప్పగించారు. దారి పొడవునా సుమారు యాభై వేల మంది నిలబడి చూశారు. దుకాణాల ముందు నల్లగుడ్డలు వేలాడదీశారు. వీధికి అడ్డంగా కట్టిన తాడుకు ఒక శవపేటిక వేలాడింది, దాని మీద స్వేచ్ఛ అని రాసి ఉంది.

బర్న్స్ రిచ్‌మండ్ నుంచి తప్పించుకుని వచ్చి ఇక్కడ ఒక బట్టల దుకాణంలో పని చేసుకుంటూ బతికేవాడు. అతన్ని పట్టించింది 1850లో అమెరికా కాంగ్రెస్ చేసిన, పారిపోయిన బానిసలను తిరిగి అప్పగించే చట్టం. ఆ చట్టం ప్రకారం పట్టుబడిన మనిషికి జ్యూరీ విచారణ లేదు, తన తరఫున తాను సాక్ష్యం చెప్పుకునే హక్కు లేదు. పట్టుకునేందుకు సాయం చేయమని అధికారి ఆజ్ఞాపిస్తే దారిన పోయే పౌరుడు కూడా చేయవలసిందే. విచారించే కమిషనర్‌కు, ఆ మనిషిని విడిచిపెడితే అయిదు డాలర్లు, యజమానికి అప్పగిస్తే పది డాలర్లు ఇచ్చేవారు. అప్పగించేటప్పుడు కాగితాల పని ఎక్కువ ఉంటుందన్నది దానికి చెప్పిన కారణం. ఈ ఒక్క అంశం చదివినప్పుడల్లా నా మనసు కలత చెందుతుంది. ఒక మనిషి జీవితాంతపు బానిసత్వానికి ప్రభుత్వమే ఖరీదు కట్టి, ఆ సొమ్మును తీర్పు చెప్పే వ్యక్తి చేతిలో పెట్టింది.

బర్న్స్‌ను ఓడ ఎక్కించడానికి వారం ముందు, మే 26 రాత్రి, నల్లవారూ తెల్లవారూ కలిసి బర్న్స్‌ను విడిపించడానికి కోర్టు తలుపు బద్దలుకొట్టారు. ఆ పెనుగులాటలో ఒక కాపలాదారు చనిపోయాడు. దాంతో అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ పియర్స్ ప్రభుత్వం సైన్యాన్ని దించింది. ఇక్కడే నేను నా సహోద్యోగిని అడిగాను: బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ రాష్ట్ర ప్రజలకు ఇష్టం లేని పనిని కేంద్రం ఫిరంగులతో చేయించినప్పుడు, దక్షిణాది నాయకులకు రాష్ట్రాల హక్కులు ఎందుకు గుర్తుకు రాలేదు? ఆయన కాసేపు ఆలోచించి, అయితే ఆ తర్వాత ఏమైంది అని అడిగారు.

ఆ వారంలోనే, మే 30న, పియర్స్ కాన్సస్-నెబ్రాస్కా చట్టంపై సంతకం చేశాడు. అప్పటిదాకా, 1820 నాటి ఒప్పందం ప్రకారం, 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశానికి ఉత్తరాన ఉన్న కాన్సస్, నెబ్రాస్కా భూముల్లో బానిసత్వం నిషిద్ధం. ఈ చట్టం ఆ గీతను చెరిపివేసి, అక్కడ స్థిరపడేవారే ఓటు వేసి తేల్చుకోవాలంది. దక్షిణాది పత్తి మీద ఆధారపడిన బట్టల మిల్లుల వ్యాపారి, అంతకు ముందు రోజు దాకా రాజీలనే నమ్మిన ఎమోస్ లారెన్స్ వంటివారు కూడా బర్న్స్ ఉదంతం చూశాక బానిసత్వానికి బద్ధ వ్యతిరేకులయ్యారు. ఆయన డబ్బుతో కాన్సస్‌కు వలసలు సాగాయి, ఆయన పేరిట అక్కడ ఒక ఊరు వెలిసింది. 1856 మే 21న బానిసత్వ పక్షం వారు ఆ ఊరి మీద పడి దోచుకున్నారు.

మర్నాడు వాషింగ్టన్‌లో, సెనేట్ సభలోనే, దక్షిణ కరోలినాకు చెందిన ప్రతినిధుల సభ సభ్యుడు ప్రెస్టన్ బ్రూక్స్, కాన్సస్‌లో బానిసత్వ పక్షాన్ని విమర్శిస్తూ ప్రసంగించిన మసాచుసెట్స్ సెనేటర్ చార్లెస్ సమ్నర్‌ను చేతికర్రతో తల మీద కొట్టాడు. సమ్నర్ బల్ల నేలకు మరలతో బిగించి ఉంది. దాని కింద కాళ్లు ఇరుక్కుపోవడంతో లేవలేక, చివరికి మొత్తం బల్లనే పెకలించుకుని లేచి, రక్తంలో కుప్పకూలాడు. బ్రూక్స్‌కు మూడు వందల డాలర్ల జరిమానా పడింది. పదవికి రాజీనామా చేస్తే అతని ఓటర్లు మళ్లీ అతన్నే గెలిపించి పంపారు, కొత్త చేతికర్రలు కానుకగా కూడా పంపారు. మసాచుసెట్స్ శాసనసభ సమ్నర్‌నే తిరిగి ఎన్నుకుని, ఆయన కోలుకునేదాకా ఆ స్థానాన్ని ఖాళీగా ఉంచింది.

1857లో సుప్రీంకోర్టు డ్రెడ్ స్కాట్ తీర్పులో నల్లవారు అమెరికా పౌరులు కాలేరంది. 1860 నవంబరులో, బానిసత్వం కొత్త ప్రాంతాలకు వ్యాపించడాన్ని వ్యతిరేకించిన లింకన్ అధ్యక్ష ఎన్నికల్లో గెలిచాడు. అప్పటికి ఆ దేశంలో బానిసలు దాదాపు నలభై లక్షల మంది.

ఇంటికి వచ్చాక, దక్షిణ కరోలినా 1860 డిసెంబరులో యూనియన్ (అమెరికా సమాఖ్య) నుంచి విడిపోతూ విడుదల చేసిన ప్రకటనను మళ్లీ చదివాను. ఉత్తరాది రాష్ట్రాలు తమ సొంత చట్టాలు చేసుకుని, పారిపోయిన బానిసల అప్పగింతకు అడ్డుపడుతున్నాయన్నది అందులోని ప్రధాన ఫిర్యాదుల్లో ఒకటి. అలా చేసిన రాష్ట్రాల పేర్లు వరుసగా ఇచ్చారు. వాటిలో మసాచుసెట్స్ కూడా ఉంది. ఆ పేరాను నా సహోద్యోగికి పంపాను.