నడుములో సిమెంట్ పోయించుకున్నాను

నర్సంపేటలో చెల్లెలి ఇంటి నుంచి హన్మకొండ వస్తున్నాను. ఆడవాళ్లకు ఫ్రీ బస్సు కదా, ముందు సీట్లన్నీ నిండిపోయి చివరి వరసలో కూర్చున్నా. ఒక గుంతలో బస్సు ఎగిరి పడింది. నడుములో పటుక్కుమంది.

కింద పడలేదు, దెబ్బ తగల్లేదు. ఎముక విరిగిందని ఎవరనుకుంటారు? మొదట చూపించుకున్నచోట నరం పట్టేసిందని మాత్రలు రాశారు. వదిన జిందా తిలిస్మాత్ రాసి రుద్దింది. (ఆ రుద్దుడు తలచుకుంటే ఇప్పటికీ భయమే.) పడుకుంటే పర్వాలేదు, పక్కకు తిరగాలంటే ప్రాణం పోయేది.

పది రోజుల తర్వాత ఎమ్మారైలో తేలింది: ఎల్1 అనే వెన్నుపూస, అంటే నడుము పూసల్లో మొదటిది, ముందువైపు నలిగి కూలింది. నాకు 67 ఏళ్లు, ఎముకలు గుల్లబారాయి. డాక్టరు వెంటనే సిమెంట్ సూది అనలేదు. బెల్టు పెట్టుకుని నాలుగు వారాలు చూద్దామన్నారు, చాలామందికి దానంతటదే తగ్గుతుందట. నాకు తగ్గలేదు. బాత్రూంకు వెళ్లాలన్నా కోడలు పట్టుకోవాల్సిందే.

అప్పుడు వెర్టిబ్రోప్లాస్టీ మాట వచ్చింది, అంటే నలిగిన పూసలోకి సూదితో సిమెంట్ ఎక్కించడం. 2009లో వచ్చిన రెండు అధ్యయనాల్లో, సిమెంట్ ఎక్కించకుండా ఉత్తుత్తి చికిత్స చేసినవాళ్లకూ దాదాపు అంతే తగ్గిందని మావాడు ఫోన్‌లో చదివి నిలదీశాడు. డాక్టరు కాదనలేదు. అందరికీ అక్కర్లేదని, ఎముకలో వాపు ఇంకా ఉండి, బెల్టుతో లొంగని నాలాంటివాళ్లకు చేసి చూడొచ్చని చెప్పారు. సిమెంట్ పక్కకు కారితే నరాలకు, ఊపిరితిత్తులకు ప్రమాదమనీ దాచలేదు. ఆ దాచకపోవడమే నాకు ధైర్యమిచ్చింది.

"ఇల్లు కట్టే సిమెంటేనా సార్? నీళ్లు కొట్టాలా?" అన్నాను.

"కాదమ్మా, మీ పళ్లసెట్టు దేంతో చేశారో దాదాపు అదే."

థియేటర్లో బోర్లా పడుకోబెట్టారు. మత్తు నడుము దగ్గరే, మెలకువగానే ఉన్నా. ఎక్స్‌రే తెర చూస్తూ సూదిని సుత్తితో టక్ టక్‌మని దింపుతుంటే నొప్పి కన్నా ఆ చప్పుడే ఎక్కువ భయపెట్టింది. పొడీ ద్రవమూ కలపగానే ఘాటు వాసన. పేస్టులా చిక్కబడ్డాక కొద్దికొద్దిగా ఎక్కిస్తూ, "కాలివేళ్లు కదపండమ్మా" అని అడుగుతూనే ఉన్నారు. మిగిలిన ముద్దను నర్సు చేతిలో పట్టుకుని గట్టిపడిందా లేదా అని నొక్కి చూస్తోంది. అయ్యాక నా వేలికీ తాకించింది. గోరువెచ్చని రాయిలా ఉంది.

రెండు గంటలు వెల్లకిలా పడుకోబెట్టి, సాయంత్రం లేపి నడిపించారు. నొప్పి పూర్తిగా పోలేదు కానీ మంచం దిగడానికి కోడల్ని పిలవలేదు. మర్నాడు ఇంటికి పంపారు.

సిమెంట్ ఆ ఒక్క పూసకే. మిగతావి ఇంకా గుల్లవే కదా! అందుకే ఎముకలు ఇంకా గుల్లబారకుండా ఏడాదికోసారి సెలైన్‌లో ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ మందు, విటమిన్ డి, కాల్షియం. బరువులెత్తొద్దు, వంగి ఊడవొద్దు.

మొన్న నర్సంపేట వెళ్లాను. డ్రైవర్ వెనక సీటు దొరికేదాకా రెండు బస్సులు వదిలేశా.